హైదరాబాద్‌లో పెట్టుబడికి ముందు కాలనీకి గ్రేడు ఇవ్వడం ఎలా?

పెట్టుబడి కోసం హైదరాబాద్‌లో ఫ్లాటో ప్లాటో కొనాలనుకునేవారు ముందుగా అడిగేది 'ఏ ఏరియా మంచిది?' అని. అడిగిన ప్రతివారూ కొండాపూర్ అనో, ఉప్పల్ అనో, ఆదిభట్ల అనో ఒక పేరు చెబుతారు. ఆ పేరు పట్టుకుని బయలుదేరడంతోనే చాలామంది లెక్క తప్పుతుంది. ఏరియా పేరు చిరునామాకు సరిపోతుంది గాని పెట్టుబడికి సరిపోదు. ఒకే పేరు కింద నలభై అడుగుల రోడ్డు మీద పూర్తి అనుమతులతో కట్టిన అపార్ట్‌మెంటు ఉంటుంది, దానికి అర కిలోమీటరు దూరంలో నోటరీ కాగితాల మీద చేతులు మారుతున్న ప్లాట్లు ఉంటాయి, మరో రెండు వీధులు దాటితే ప్రతి వానాకాలంలో సెల్లార్లు నిండే కాలనీ ఉంటుంది. అందువల్ల గ్రేడు ఇవ్వవలసింది కాలనీకి, వీలైతే వీధికి.

రెండో పొరపాటు వరుసక్రమంలో జరుగుతుంది. మెట్రో ఎంత దూరం, ఐటీ ఆఫీసులు ఎంత దూరం అన్నవి మొదట చూసి, నేల ఎలాంటిది, హక్కు ఎలాంటిది అన్నవి చివర్లో, అడ్వాన్సు ఇచ్చాక చూస్తారు. రోడ్డు రేపు రావచ్చు, బస్సు ఎల్లుండి రావచ్చు. నేల పల్లాన్ని, పత్రాల పుట్టుకను మాత్రం ఎవరూ మార్చలేరు. కాబట్టి మార్చలేని ఆ రెండింటినీ మొదట పరీక్షించి, వాటిలో నెగ్గిన కాలనీకే మార్కులు వేయాలి. నెగ్గని కాలనీకి తక్కువ గ్రేడు కూడా ఇవ్వనక్కర లేదు. దాన్ని జాబితాలోంచి తీసేయడమే మంచిది.

నీరు ఎటు పారుతుందో చూడండి

హైదరాబాద్ రాతి నేల మీద, గొలుసుకట్టు చెరువుల మధ్య పెరిగిన నగరం. పై చెరువు నిండితే అలుగు పారి, వాగు గుండా కింది చెరువుకు, అక్కడి నుంచి చివరకు మూసీకి నీరు చేరేలా ఆ గొలుసు ఉండేది. చెరువు శిఖం భూముల్లో (నీరు నిలిచే చెరువు గర్భంలో), వాగుల ఒడ్డున కాలనీలు లేచాక కూడా నీటికి తెలిసిన దారి అదే. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలకు టోలిచౌకిలోని నదీమ్ కాలనీ, ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీ, సరూర్‌నగర్ చెరువు పరిసరాల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. నదీమ్ కాలనీ షా హాతిం తాలాబ్ పక్కన ఉంది. ఆ సంగతి వానకు ముందూ పటంలో ఉంది, చూసినవారే తక్కువ.

మొదట ఊరి పేరు, కాలనీ పేరు గమనించండి. కుంట, చెరువు, తాలాబ్, ట్యాంక్ అన్న మాటలు పేరులో ఉంటే అక్కడ ఒకప్పుడు నీరు నిలిచిందని అనుమానించడానికి ఆధారం దొరికినట్టే. మాసాబ్ ట్యాంక్‌లో ఇప్పుడు చెరువు లేదు, పేరు మాత్రమే మిగిలింది. తరువాత నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ తన పరిధిలోని చెరువులకు సంబంధించి వెబ్‌సైట్‌లో ఉంచిన ఎఫ్‌టీఎల్ పటాలను తెరిచి చూడండి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు పరుచుకునే హద్దు. 2012 నాటి జీవో 168 ప్రకారం ఆ హద్దు నుంచి పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. పది మీటర్ల కన్నా వెడల్పయిన నాలాకు కూడా 9 మీటర్లు వదలాలి. 2024 జూలైలో చెరువులను, ప్రభుత్వ ఆస్తులను కాపాడే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి ఈ హద్దుల్లోని కట్టడాలను కూల్చడం మొదలుపెట్టాక, అప్పటిదాకా 'అందరూ కట్టుకున్నారు, మనకేం అవుతుంది' అన్న ధీమా చెల్లలేదు. ఎఫ్‌టీఎల్‌లోనో బఫర్‌లోనో ఉన్న ప్లాటుకు కట్టడానికి అనుమతి ఉందని చూపించినా నేనైతే కొనమనను.

పటం తరువాత పాత ఉపగ్రహ చిత్రాలు. గూగుల్ ఎర్త్‌లో వెనకటి సంవత్సరాల చిత్రాలను ఒక్కొక్కటిగా చూడవచ్చు. వానలు తగ్గిన నవంబరు, డిసెంబరు చిత్రాల్లో ఆ స్థలంలో నీటి మడుగు కనిపించిందా, వాగు గీత ఉండి తరువాతి చిత్రాల్లో మాయమైందా అని చూడాలి. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు (నేల ఎత్తుపల్లాల పటాలు) దొరికితే ఇంకా మేలు, ఎందుకంటే లేఅవుట్లు పడకముందు వాగులు ఎలా పారేవో వాటిలో స్పష్టంగా ఉంటుంది.

చివరి పరీక్ష కాళ్లతో చేయవలసింది. పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే కాలనీలో నడవండి. ప్రహరీ గోడల మీద నీటి చార ఎంత ఎత్తున ఉంది, సెల్లార్ల దగ్గర మోటార్లు నడుస్తున్నాయా, పాత ఇళ్ల కన్నా కొత్త ఇళ్ల గడపలు మరీ ఎత్తుగా కట్టారా, గేటు దగ్గర అడ్డంగా సిమెంటు గట్లు పోశారా అన్నవి చూస్తే, అక్కడివారు చెప్పడానికి ఇష్టపడని విషయం కూడా తెలిసిపోతుంది. ఇల్లు అమ్మాలనుకునే యజమాని వరద మాట ఎత్తకపోవచ్చు గాని, వీధి చివర కిరాణా కొట్టు నడిపే మనిషి సరుకు తడిసిన సంవత్సరాన్ని మరిచిపోడు. ఆయననే అడగండి.

కాలనీ మొత్తానికి పత్రాల చరిత్ర

సాధారణంగా కొనేవారు తమ ఫ్లాటు పత్రాలను మాత్రమే వకీలుకు చూపిస్తారు. అది ఎలాగూ తప్పదు. గ్రేడు ఇచ్చేటప్పుడు మాత్రం కాలనీ వెలసిన సర్వే నంబర్లు మొదట ఎవరివి, ఆ భూమి పట్టా భూమా, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమా, ఇనామా, వక్ఫా, పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం కింద ప్రభుత్వానికి చేరిన మిగులు భూమా అని తెలుసుకోవాలి. రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత ఆస్తుల జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద, ఆ సర్వే నంబరులో కొంత భాగమైనా ఉంటే మిగతా భాగం శుభ్రంగా ఉన్నా సరే ఆగి ఆలోచించండి. సబ్‌డివిజన్ల గొడవ ఒకసారి కోర్టుకు ఎక్కితే పక్క ప్లాట్ల అమ్మకాలు కూడా నిలిచిపోవచ్చు. సేల్ డీడ్ రిజిస్టర్ అయినంత మాత్రాన హక్కు రుజువైనట్టు కాదని కూడా గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రేషన్ ఆ లావాదేవీ జరిగిందని నమోదు చేస్తుంది, అంతే. అమ్మినవాడికి అమ్మే హక్కు ఉందని అది హామీ ఇవ్వదు.

ఇక్కడ చాలామంది వాడని మంచి సాధనం ఒకటి ఉంది. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఉన్న లావాదేవీల ఈసీని (ఆస్తి మీద నమోదైన అమ్మకాలు, తనఖాల జాబితాను) చూడవచ్చు. మీరు కొనబోయే ఇంటికే కాకుండా అటు నాలుగు, ఇటు నాలుగు ఇళ్లకు కూడా ఈసీ తీసి చదవండి. బ్యాంకులకు దస్తావేజులు తనఖా పెట్టిన నమోదులు కనిపిస్తే, ఆ కాలనీ పత్రాలను బ్యాంకు వకీళ్లు అంతకుముందే జల్లెడ పట్టారన్నమాట. అది పూర్తి రుజువు కాకపోయినా మంచి సూచన. ఎనిమిది ఇళ్లలో ఒక్కదానికీ బ్యాంకు రుణం లేకపోతే ఎందుకని అడగాలి. కోర్టు అటాచ్‌మెంట్లు, ఒకే ప్లాటుకు రెండు వేర్వేరు వరుసల అమ్మకాలు కనిపిస్తే అక్కడితో ఆపేయండి. గత ఐదేళ్లలో ఎన్ని ఇళ్లు చేతులు మారాయో కూడా ఈసీలే చెబుతాయి, కాబట్టి అవసరానికి అమ్ముకోవడం ఎంత సులువో అంచనాకు వస్తుంది. అయితే ఈసీలో ఉన్న ధరను మార్కెట్ ధర అనుకోకండి. ప్రభుత్వ విలువకు దగ్గరగా రాయించడం పాత అలవాటు గనుక అమ్మకాల సంఖ్యను నమ్మండి, రాసిన అంకెను నమ్మకండి.

అనుమతి లేని లేఅవుట్లయితే వాటిని క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్ పథకం సంగతి తేల్చుకోవాలి. 2020లో వచ్చిన పథకానికి ఆ ఏడాది ఆగస్టు 26 కటాఫ్ తేదీ. ప్రధానంగా దానికి ముందు రిజిస్టరైన ప్లాట్లకు అది వర్తించింది. కాలనీలో ఎక్కువ ప్లాట్లకు ప్రొసీడింగ్స్ (క్రమబద్ధీకరణ ఉత్తర్వులు) చేతికి రాకపోతే, మిగతా అన్నీ బాగున్నా ఒక మెట్టు కిందికి దించాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకంలోని 84 గ్రామాలకు 1996లో వచ్చిన జీవో 111 నిర్మాణ ఆంక్షల విషయంలో ప్రభుత్వ నిర్ణయాలు మారుతూ వచ్చాయి. ఆ గ్రామాల్లో భూమి ఏ జోన్‌లో ఉందో హెచ్‌ఎండీఏ నుంచి భూ వినియోగ ధ్రువపత్రం తీసుకోకుండా, 'ఎత్తేశారండీ' అన్న మాట మీద డబ్బు పెట్టకూడదు.

ఇప్పుడు మార్కులు

రెండు పరీక్షలూ నెగ్గిన కాలనీకి నేను వంద మార్కుల లెక్క వేస్తాను. అద్దె గిరాకీకి 30, నీటి సరఫరాకు 20, ప్రయాణానికి 20, రోడ్డు వెడల్పు, డ్రైనేజీ కలిపి 15, చుట్టుపక్కల రాబోయే కొత్త ఇళ్ల సంఖ్యకు 15. మీ అవసరాన్ని బట్టి ఈ పంపకాన్ని మార్చుకోవచ్చు గాని, ఒకసారి నిర్ణయించాక పోల్చే కాలనీలన్నిటికీ ఒకే కొలత వాడండి. నచ్చిన కాలనీ కోసం మధ్యలో కొలత మారిస్తే ఆ లెక్కకు విలువ ఉండదు.

అద్దెకు ఎక్కువ మార్కులు ఎందుకంటే, అమ్మకం ధర ఆశల మీద పెరుగుతుంది, అద్దె మాత్రం నెలనెలా ఒక మనిషి తన జీతంలోంచి తీసి ఇచ్చేది. దాన్ని కనుక్కోవడానికి బ్రోకరు చెప్పే అంకె చాలదు. కాలనీలో టు-లెట్ బోర్డులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, వాటి మీది నంబర్లు రాసుకుని, అద్దె ఎంతో అడగండి. రెండు వారాల తరువాత మళ్లీ అవే నంబర్లకు ఫోన్ చేయండి. సగానికి పైగా ఇళ్లు నిండిపోయి ఉంటే గిరాకీ నిజమైనది. అవే ఇళ్లు ఖాళీగా ఉండి అద్దె మాత్రం వెయ్యి, రెండు వేలు తగ్గి వినిపిస్తే మార్కులు తగ్గించండి. రాత్రి ఎనిమిది గంటలప్పుడు కొత్త అపార్ట్‌మెంట్ల ముందు నిలబడి ఎన్ని కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయో చూసినా చాలా సంగతి తెలుస్తుంది.

గిరాకీ ఎంత ఉందన్నదానితో పాటు అది ఎక్కడి నుంచి వస్తోందన్నదీ చూడాలి. తార్నాక, హబ్సిగూడ ప్రాంతానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ పరిశోధన సంస్థలు, రైల్వే ఉద్యోగులు, పైగా మెట్రో ఉన్నాయి. ఒక వైపు గిరాకీ తగ్గినా మరో వైపు నిలబెడుతుంది. దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట హాస్టళ్లు కోచింగ్ కేంద్రాల మీద, మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లు ఐటీ ఆఫీసుల మీద ఆధారపడినవి. 2020లో కోచింగ్ ఆగిపోయి, ఉద్యోగులు ఇంటి నుంచే పని చేయడం మొదలుపెట్టగానే ఈ రెండు రకాల హాస్టళ్లూ ఖాళీ అయ్యాయి. ఒకే స్తంభం మీద నిలబడిన కాలనీకి అద్దె ఎంత ఎక్కువగా ఉన్నా పూర్తి మార్కులు వేయకూడదు.

నీటి విషయంలో జలమండలి కనెక్షన్ ఉందా అన్న ప్రశ్న సరిపోదు. నగరానికి మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నా, కాలనీకి ఎన్ని రోజులకు ఒకసారి, ఎంతసేపు వదులుతారన్నది వేరే విషయం. పశ్చిమాన బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద నడిచే గేటెడ్ సముదాయాలు తక్కువేమీ కాదు. అపార్ట్‌మెంటు సంఘాన్ని అడిగి ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ ఖర్చు లెక్క చూడండి. ఏ ప్రకటనకూ లొంగని అంకె అది. 2024 వేసవి లెక్క దొరికితే తప్పకుండా చూడండి, ఆ ఏడాది కొరత ఎక్కువ.

ప్రయాణానికి మార్కులు వేసేటప్పుడు నేను పాటించే నియమం ఒకటి ఉంది. నడుస్తున్న సదుపాయానికి పూర్తి మార్కులు, పనులు జరుగుతున్నదానికి సగం, ప్రకటనకు సున్నా. మెట్రో మొదటి దశలో భాగంగా అనుకున్న ఎంజీబీఎస్–ఫలక్‌నుమా మార్గం మిగతా 69 కిలోమీటర్లతో పాటు రాలేదు. 2020లో జేబీఎస్ నుంచి వచ్చిన రైలు ఎంజీబీఎస్ దగ్గరే ఆగింది. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ 2018లో మొదలై ఏళ్ల తరబడి సగంలో ఉండిపోయింది. ఆ పిల్లర్ల పక్కన వ్యాపారం చేసినవారు, ఆ దారిన రోజూ ఆఫీసుకు వెళ్లినవారు పడ్డ కష్టం వేరే చెప్పనక్కర లేదు. వాటిని నమ్మి ముందుగానే ఎక్కువ ధర పెట్టినవారికి ఆ ఏళ్ల వడ్డీ తిరిగి రాలేదు. స్టేషన్ దూరాన్ని పటం మీద కాకుండా నడిచి కొలవండి. పది నిమిషాల నడకలో, మధ్యలో దాటలేని హైవే లేకుండా ఉంటేనే అది దగ్గర. సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు, వీలైతే వాన రోజున, అద్దెకు ఉండబోయే మనిషి వెళ్లే దారిలో మీరే ఒకసారి వెళ్లి చూడండి.

రోడ్డు వెడల్పును చాలామంది సౌకర్యంగానే చూస్తారు. హైదరాబాద్‌లో దానికి అంతకన్నా పెద్ద విలువ ఉంది. చాలా నగరాల్లో ఉన్నట్టు ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న) పరిమితి లేదు. ఎన్ని అంతస్తులు కట్టవచ్చో ప్రధానంగా ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం, చుట్టూ వదిలే ఖాళీ తేలుస్తాయి. అందువల్ల పాత కాలనీలో ఇరవై అడుగుల గల్లీలోని రెండు వందల గజాలకు, అదే కాలనీలో నలభై అడుగుల రోడ్డు మీది రెండు వందల గజాలకు రేపటి విలువలో పోలిక ఉండదు. పాత ఫ్లాటు కొనేవారు భవనం కింది నేలలో తమ అవిభాజ్య వాటా ఎన్ని గజాలో తప్పక చూడాలి. ముప్పై ఏళ్ల తరువాత కట్టడానికి విలువ పెద్దగా మిగలదు, మిగిలేది ఆ గజాలే.

ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేకపోవడానికి రెండో వైపు కూడా ఉంది. ఖాళీ భూమి ఉన్న చోట, ముఖ్యంగా ఔటర్ రింగు రోడ్డుకు పశ్చిమాన, ఒకేసారి వేల ఫ్లాట్లు చేతికి వస్తాయి. నిర్మాణ ప్రాజెక్టులను నియంత్రించే తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ఆ ప్రాంతపు రిజిస్టరైన ప్రాజెక్టులు, వాటిలోని యూనిట్ల సంఖ్య, పూర్తి చేస్తామన్న తేదీ ఉంటాయి. మీ ఫ్లాటుకు రెండు కిలోమీటర్లలో మూడేళ్లలో ఎన్ని కొత్త ఫ్లాట్లు రాబోతున్నాయో కూడండి. అవన్నీ మీ అద్దెదారు కోసం పోటీ పడేవే.

అమెరికాలో ఉండి ఇక్కడ కొనే మనవాళ్లకు ఒక మాట. అక్కడ ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశం సాధారణంగా ఇంటి చిరునామాను బట్టి ఉంటుంది గనుక స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగు ఇంటి ధరను శాసిస్తుంది. ఇక్కడ మధ్యతరగతి పిల్లలు ఎక్కువగా ప్రైవేటు బడుల బస్సెక్కి వెళతారు. మంచి బడి పక్కనే ఉండడం అదనపు సౌకర్యమే గాని, అక్కడి లెక్కను తెచ్చి ఇక్కడ సగం మార్కులు దానికే వేయడం సరి కాదు.

మార్కులు వేయకూడనిది ఒకటుంది

కాలనీలో ఏ మతంవారు, ఏ కులంవారు ఉంటారన్నది గ్రేడులోకి రానీయకండి. అక్షరాల గ్రేడు చేసిన పాపానికి చరిత్రలో రుజువు ఉంది. 1933లో అమెరికాలో ఏర్పడిన హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ నగరాల పటాలు గీసి, బస్తీలకు ఏ, బీ, సీ, డీ అని పేర్లు పెట్టి, నల్లజాతివారు ఉండే బస్తీలకు డీ ఇచ్చి ఎర్ర రంగు వేసింది. అలాంటి బస్తీల్లో రుణాలు పుట్టక, ఇళ్లు బాగు చేసుకోలేక, కుటుంబాలు తరాల పాటు నష్టపోయాయి. 1968లో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చేదాకా ఆ వివక్షకు గట్టి అడ్డు లేకపోయింది. పేరు అడిగి ఇల్లు లేదనడం మన నగరాల్లోనూ జరుగుతోంది. అది అన్యాయం, మన కొలతలో దానికి చోటు ఉండకూడదు. డ్రైనేజీని కొలవండి, నీటిని కొలవండి, పత్రాలను కొలవండి. నిజానికి వీటిని సరిగ్గా కొలిచినవారికి, చిన్నచూపుకు గురైన బస్తీల పక్కన మంచి వీధులు సరసమైన ధరకు దొరుకుతాయి.

గ్రేడును ధరతో కలపడం

75 దాటితే ఏ, 60 నుంచి 75 దాకా బీ, 45 నుంచి 60 లోపు సీ, అంతకు తక్కువైతే డీ అనుకుందాం. ఏ గ్రేడు అంటే కొనమని అర్థం కాదు. ధర కలపనిదే గ్రేడు సగం లెక్క మాత్రమే.

ఉదాహరణకు ఏ గ్రేడు కాలనీలో ఫ్లాటు 80 లక్షలు, అద్దె నెలకు 22 వేలు అనుకోండి. 2021 జూలై నుంచి అమలులో ఉన్న 7.5 శాతం చొప్పున స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు 6 లక్షలు కలిపితే పెట్టుబడి 86 లక్షలు. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుంటే వచ్చే అద్దె 2,42,000. ఆస్తి పన్ను, రంగులు, మరమ్మతులకు 30 వేలు పోతే మిగిలేది 2,12,000, అంటే 2.5 శాతానికి కాస్త తక్కువ. బీ గ్రేడు కాలనీలో ఫ్లాటు 48 లక్షలు, అద్దె 15,500 అనుకోండి. ఖర్చులతో కలిపి 51,60,000 పెట్టుబడి మీద, పదకొండు నెలల అద్దె 1,70,500లో 25 వేలు తీసేస్తే 1,45,500 మిగులుతుంది. అది 2.8 శాతం. మొదటి ఫ్లాటు ఈ తేడాను ధర పెరుగుదలతో పూడ్చాలి. అలా పెరుగుతుందనడానికి మీ దగ్గర ఆధారం ఉంటే సరే. ఆ ఆధారం అదే భవనంలో ఐదేళ్ల కింద కొన్న ఫ్లాటు ఈరోజు ఎంతకు అమ్ముడైంది అన్నదై ఉండాలి, పక్కనే కొత్తగా మొదలైన టవరు బిల్డరు చెప్పే ధర కాకూడదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన వార్త రాగానే చుట్టుపక్కల యజమానులు తమ ఫ్లాట్లకు అడిగే ధర పెంచేశారు. ఆ వార్త వల్ల ఏ అద్దెదారు జీతమూ పెరగలేదు.

నా దృష్టిలో మొదటిసారి పెట్టుబడి పెట్టేవారికి, పాతికేళ్లుగా మనుషులు నివసిస్తున్న బీ గ్రేడు కాలనీలో వెడల్పు రోడ్డు మీది ఇల్లు అన్నిటికన్నా మేలు. అక్కడ నీటి చరిత్ర, పత్రాల చరిత్ర, అద్దె చరిత్ర మూడూ అడిగితే తెలుస్తాయి. సీ గ్రేడులో కొనాలంటే ఏ లోపం వల్ల ఆ గ్రేడు వచ్చిందో చూడండి. డ్రైనేజీ లైను పనులు మొదలై ఉంటే ఒకటి రెండేళ్లలో బీ కావచ్చు. అద్దె గిరాకీ లేక సీ అయితే ఆ లోపం తీరడం మీ చేతుల్లో గాని, కార్పొరేటరు చేతుల్లో గాని లేదు.

ఈ లెక్కలన్నీ ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. ఫోన్ చేసిన టు-లెట్ నంబర్లు, ట్యాంకర్ ఖర్చు, ఈసీ నంబర్లు, వాన మర్నాడు తీసిన ఫోటోలు అందులోనే ఉంచండి. కొన్నాక కూడా రెండేళ్లకొకసారి అవే ప్రశ్నలు మళ్లీ వేయండి. దగ్గర్లో పెద్ద ఆఫీసు ఖాళీ అయినా, పై చెరువు అలుగు దారిలో కొత్త లేఅవుట్ పడినా, వరుసగా రెండు వేసవుల్లో ట్యాంకర్ల సంఖ్య పెరిగినా రెండేళ్ల దాకా ఆగకుండా వెంటనే గ్రేడు దిద్దుకోవాలి. ఏ నుంచి బీకి దిగినప్పుడు అమ్మకానికి పెడితే కొనేవారు ఇంకా ఉంటారు. సీకి దిగిందాకా చూస్తే అదే సంగతి వారికీ తెలిసిపోతుంది.